ఏమీ చెయ్యని డాక్టరు గారు

బిగుతైన గుడ్డ కింద కత్తెర కరకరమనే చప్పుడు నాకిప్పటికీ పడదు. తెలుగునేలకు సముద్రం అవతల, రేవు పట్టణం పోర్ట్ క్లాంగ్‌లో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేసే క్లినిక్‌లో మొన్న నర్సు ఎవరిదో కట్టు కోస్తుంటే, నా ఎడమచేతి వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. డాక్టర్ నరసింగరావు గారు గుర్తొచ్చారు.

మా ఊరు సుంగై సిపుట్‌లో, పదిహేనేళ్లప్పుడు, ఫుట్‌బాల్ ఆడుతూ పడి ఎడమ కాలర్ ఎముక విరగ్గొట్టుకున్నాను. ఎక్స్‌రేలో రెండు ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. అది చూసి మా మామ్మ బెంచీ మీద కూలబడింది. డాక్టరు గారు మాత్రం ఆపరేషన్ అక్కర్లేదని, చేతిని మెడకు వేలాడదీసే గుడ్డ ఒకటి వేసి, "అదే అతుక్కుంటాది, పోయిరండి" అన్నారు. ఆయనా రబ్బరు తోటల నుంచి చదువుకొచ్చిన మనిషే, మా తెలుగే మాట్లాడేవారు. ఇంత విరిగితే ఇంతేనా అనుకుంటూ ఇంటికొచ్చాం.

తోటల్లో ఎముక విరిగితే నూనె రాసి, గుడ్డతో బిగించి కట్టడమే మామ్మకు తెలిసిన వైద్యం. ఆ సాయంత్రమే నా భుజాలు రెండూ వెనక్కి లాగి, చంకల కిందుగా చీర పేలికలతో కట్టేసింది. నొప్పి తగ్గినట్టే అనిపించింది. తెల్లారేసరికి వేళ్లు నీలంగా ఉన్నాయి. నాన్న గిల్లి చూశారు. నాకు తెలియలేదు. ఆ చెయ్యి నాది కానట్టు పక్కన పడి ఉంది.

మళ్లీ ఆయన దగ్గరికే పరిగెత్తాం. డాక్టరు గారు ఏమీ అడక్కుండా కత్తెర తీసుకున్నారు. కట్టు తెగాక రంగు, వేడి, నాడి, స్పర్శ, వరసగా ఒక్కొక్కటీ చూశారు. రంగు తిరిగింది. నాడి దొరికింది. చిటికెన వేలికి మాత్రం సూది గుచ్చినా తెలియలేదు. కాసేపాగి మళ్లీ గుచ్చారు. మళ్లీ.

"అబ్బా!" అన్నాను. మామ్మ భోరుమంది.

ఇక తిడతారనుకున్నాం.

"బాగానే కట్టినావమ్మా. మరీ బాగా కట్టినావు లా!" అన్నారు, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా.

మామ్మ కళ్లు తుడుచుకుని తిరగబడింది. "మరేటి సెయ్యమంటారు? మీరేటి సేసినారని? గుడ్డముక్క ఏలాడేసి పంపేసినారు. తోటోళ్లమని వొగ్గేసినారనుకున్నాను!"

ఆయన ముఖం పాలిపోయింది. అంతసేపూ నా చెయ్యి పోతుందని కొయ్యబారిన మేము, ఆ ఒక్క మాటకు ఆయన అదిరిపడటం చూశాం.

"తప్పు నాదమ్మా," అన్నారు కత్తెర పక్కన పెట్టి. "ఏటి సెయ్యాలో సెప్పినాను. మిగతాది ఎందుకు సెయ్యనేదో సెప్పనేదు."

అప్పుడు చెప్పారు. ఈ వయసులో ఎముక చుట్టూ మందమైన పొర ఉంటుందని, ముక్కల మధ్య కొత్త ఎముక పోసేది అదేనని, వంకర కూడా చాలావరకు సర్దుకుంటుందని, బిగిస్తే నరాలు నలుగుతాయని. చెప్పి, వేలాడే గుడ్డను మామ్మ చేతికే ఇచ్చి నాకు కట్టించారు. ఆ తర్వాత ఎముక అతుక్కునేదాకా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదావిడ.

ఇప్పుడు అలాంటి పిల్లలు నా దగ్గరికొస్తే, వ్యాయామాలు చెప్పడం అయ్యాక, వెంట వచ్చినవాళ్లను అడుగుతాను: "ఇది చాలదని మీలో ఎవరికనిపిస్తోంది?"

మొదట ఎవరూ పలకరు. తర్వాతి పేషెంటును పిలవకుండా ఆగుతాను.