మగ్గం బుడ్డ

తెలివితక్కువవాళ్ళు తమ తెలివిని తమ మీదే ప్రయోగించుకుంటే లోకానికి నష్టం లేదు. నేను నాదాన్ని మా తమ్ముడి మీద ప్రయోగించాను. ఇన్నేళ్ళకు అది రాయడానికి కారణం మా మనవడు. పోయిన వారం బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి కూడా దించకుండా, వృషణం ఒకటి వాచిందనీ, నొప్పి మాత్రం లేదనీ వాళ్ళమ్మకు చెప్పేశాడు. మా కోడలు మర్నాడే నన్ను వెంటబెట్టుకుని ఆదోనిలో స్కానింగు చేయించింది. నీరు చేరిందంతే, భయం లేదన్నారు.

తమ్ముడికి పదహారేళ్ళప్పుడు అదే చోట, అలాగే నొప్పిలేని వాపు వచ్చింది; నాకొక్కడికే చూపించాడు. ఎమ్మిగనూరులో మాది మగ్గాల ఇల్లు. చిన్నప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్ళు దించి కూర్చునేవాళ్ళకు బుడ్డ దిగడం, అంటే బీజంలో నీరు చేరి వాయడం, మామూలేనని మా వీధి నమ్మకం. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పిన నేను వైద్యంలో మాత్రం ఒక్క చూపుతో పాసైపోయి, “మగ్గం బుడ్డలేరా! అమ్మకు సెప్పొద్దు, బయటపడితే రేపు నీకు పిల్లనెవడిస్తాడు?” అని నవ్వి, లంగోటా బిగించి కట్టాను. కొన్ని నెలలకు వాడు మళ్ళీ వచ్చి, “రాయి మాదిరి గట్టిగైతాందన్నా” అన్నాడు. తెగిన పోగు అతుకుతున్న నేను తలెత్తలేదు.

దగ్గులో రక్తం పడ్డాక గానీ కర్నూలుకు తీసుకుపోలేదు. అది క్యాన్సరు గడ్డ అనీ, ఊపిరితిత్తులకు పాకిందనీ చెప్పిన డాక్టరు, వాపు ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగితే, తమ్ముడు నా వైపు చూశాడు. నా పరువు కాపాడటానికి, ఈమధ్యనే అని అబద్ధం చెప్పాడు. వాడు ఆ వేసవి దాటలేదు.

మనవడి స్కానింగయ్యాక ఆదోని నుంచి తిరిగి వస్తుంటే, బస్సులో మా వీధి ముసలాయన, “పిల్లోన్ని యాడికి తీస్కపోయింటివప్పా? మీ తమ్మునికి మాదిరి కడుపునొప్పి కాదు గదా?” అన్నాడు. ఆ కడుపునొప్పి నేను ఊరికి చెప్పిన కథే. బస్సంతా వినేలా, “మా తమ్మునికి కడుపునొప్పి గాదప్పా, బీజంలో గడ్డ. సిగ్గుకు దాసిపెట్టి నేనే సంపుకున్న్యా” అన్నాను. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. కాసేపటికి వాళ్ళలో ఒకామె మాత్రం వెనక్కి తిరిగి, “నొప్పి లేకున్నా సూపించల్లనా, తాతా?” అని అడిగింది.

ఈ కాలం పిల్లలు అడక్కముందే చెబుతున్నారు. మా తమ్ముడు రెండుసార్లు చెప్పినా వాడికి వినే అన్న దొరకలేదు. సిగ్గు మీద నేను తీర్చుకోగలిగిన పగ ఆ ఒక్క బస్సంత.