వీపు కోసిన రష్యా పుస్తకం

2019 ఎండాకాలం. కర్నూలు వన్‌టౌన్‌లో నా బైండింగ్ షాపు. కోయిలకుంట్ల దగ్గర ఒకప్పుడు పేరున్న ఇల్లు మాది. భూములు పోయాక నేర్చుకున్న పని ఇది. ఆ ఇంటి బిగువు మాత్రం పోలేదు, ఇప్పటికీ కుర్చీకి వెన్ను ఆనించి కూర్చోను.

ఆ రోజు హుసేన్‌బీ ఒక పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. జార్ల కాలంనాటి రష్యా విప్లవకారుల గురించి, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్ల గురించి మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకం. అట్ట ఊడిపోయింది. ఆమెను గుర్తుపట్టాను. మా చేలల్లో ఎర్రజెండాలు పాతించిన రసూల్ భార్య. అతను ఏళ్ల కిందటే జైల్లో జ్వరంతో పోయాడు.

"ఏమప్పా, మీ నాయన గుర్రం దిగేవాడు కాదు. నువ్వు మైదాజిగురు పిసుకుతాండావే!" అని నవ్వింది.

"పుస్తకం పెట్టి పో. గురువారం రా."

"జైలోళ్లు ఆయన గుడ్డలతో పాటు ఇచ్చింది ఇదొక్కటే. నెలనెలా గేటుకాడ రొట్టెలిచ్చి వస్తాంటి, ఆయన్ని సూడనీలే. ఆయనకు ముట్టినాయో లేదో ఇంతవరకూ తెల్దు. నాకు సదువు రాదు. మనవరాలు సదివి ఇనిపిస్తానంటాది. బద్రమప్పా."

పాత పుస్తకాన్ని ఫారాలుగా, అంటే మడిచి కుట్టిన పేజీల కట్టలుగా విప్పి మళ్లీ కుట్టాలి. రోజులు పడతాయి. తొందరగా తెమలాలంటే స్పైన్‌ను, అంటే పుస్తకం వీపును, కటింగ్ మిషన్‌తో కోసేసి విడి పేజీలను జిగురుతో అతికిస్తాం. రసూల్ పుస్తకానికి అంత శ్రమ దేనికనిపించింది. కోశాను.

కోసిన అంచుల్లో పెన్సిల్ రాత కనిపించింది. పేజీలు తిప్పి చూసే జైలువాళ్ల కంటపడకుండా, కుట్టు లోతున, నిలువుగా రెండేసి వరసలు రాసుకున్నాడు. ఒక వరస పేజీలో మిగిలింది. రెండోది పీలికతో పాటు చెత్త సంచిలోకి పోయింది.

ఈ రాత ఉందనే ఆమెకు తెలియదు. సంచి మూతి కట్టేస్తే నా తప్పూ ఎవరికీ తెలియదు. రెండు రోజులు కూర్చోలేకపోయాను, నిలబడలేకపోయాను. కుదురు కోసం ఆ పేజీలే చదివాను. ఒక జమీందారు భార్య, విప్లవంలో చేరిన కొడుకు కోసం, మంచులో జైలు గేటు ముందు రొట్టెమూటతో నిలబడింది. ఆమె ముందూ వెనకా కూలివాళ్ల ఆడవాళ్లు. ఆ పేజీ అంచున రసూల్ రాత: "హుసేనూ, నువ్వు తెచ్చే రొట్టెలు". అంతే.

సంచి నేలమీద కుమ్మరించి, మోకాళ్ల మీద కూర్చుని వెతికాను.

గురువారం ఆమె రాగానే లేచి నిలబడ్డాను. "తప్పు చేసినానమ్మా. లోపల నీ మొగుడి రాత ఉండాది. చూడకుండా కోసేసినా."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఏమని రాసినాడు?"

పీలికను పేజీ పక్కన ఆనించి చదివాను. "హుసేనూ, నువ్వు తెచ్చే రొట్టెలు నాకు ముట్టినాయి. ఎర్రకారం ఇంకొంచెం దట్టంగా పూయి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు సదువు రాదని తెలిసీ రాసినాడు సూడు, పిచ్చోడు," అంది. "ఇంగా ఏముండాదో సదువప్పా."

దొరికిన చివరి పీలిక వరకు ఆమె పక్కన నేలమీద కూర్చునే చదివాను. వాటిని పలుచని టిష్యూ కాగితంతో పేజీలకు అతికించి, ఫారాలు కట్టి కుట్టడానికి నెల దాటింది. కొన్ని పీలికలు దొరకనేలేదు. ఆ మాటలు నా చేతిలోనే పోయాయి.

పుస్తకం ఎవరిదో చూసి ఎంత శ్రమ పెట్టాలో తేల్చుకోవడం అప్పటితో మానేశాను. ఇప్పుడు ఏ పుస్తకం వచ్చినా ముందు కుట్టు విప్పి, లోపలి అంచు చూస్తాను. అంతవరకు మిషన్ బ్లేడు పైనే ఉంటుంది.