పిడికెడు బియ్యం

నరసన్నపేట దాటాక గతుకులో పడి షేర్ ఆటో ఎగిరిపడింది. డేవిడ్‌రాజు ఒళ్లో సంచి పిగిలి బియ్యం జలజలా కారాయి. పక్కన కూర్చున్నామె వాటిని చున్నీలోకి ఎత్తుతూ గింజలు వేళ్లమధ్య నలిపి చూసింది.

"ఇది రేషను. ఇది సోనా మసూరి. ఇదెవలో దంపించుకున్నారు. చర్చి బియ్యమా మావా?"

అతను నోరు తెరిచాడు. ఎసట్లో పోసే ముందు ప్రతి ఇల్లాలూ దేవుడి పేర తీసి ఉంచిన పిడికెళ్లవి. అరవై ఇళ్లవి కలిసిపోయాక ఇలా విడదీసి చెప్పిన మనిషిని అతను ఇంతవరకు చూడలేదు. అప్పుడు ముఖం గుర్తుపట్టాడు.

"లక్ష్మణమ్మ కూతురివి, గ్లోరీవి కదేటి?"

గ్లోరీయే. 2011లో బడి ఉద్యోగం మానేసి దేశమంతా తిరిగింది. తిరగడానికేముంది, లారీ డ్రైవర్లూ తిరుగుతారు. ఈమె ఒక్క ముద్ద తిని, ఏ కట్టెల మీద వండారో బ్లాగులో రాసేది. వేలమంది చదివేవారు. ఆ నాలుకతోనే ఓసారి రాసింది: మా ఊరి చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందులో అన్నం సగం పలుకు, సగం ముద్ద. చర్చి కుర్రాళ్లు ఫోన్లలో చదువుకుని నవ్వారు. అది వండిన లక్ష్మణమ్మ అప్పటినుంచీ, మూడేళ్లుగా, గరిటె పట్టలేదు.

"మళ్లీ ఏటి రాస్తావే?"

"బ్లాగు ఆపీసేను మావా. నా బతుకే పుస్తకంగా రాస్తన్నాను. ఆ అన్నం దగ్గరే ఆగిపోయింది. అమ్మ మళ్లీ వండితే గానీ కదలదు. అయినా, ఏ రకం బియ్యం ఆ రకం ఏరి వేరుగా వండితే సరిపోను కదా?"

"ఏరాలంటే ఇంటింటి పిడికెడూ చూడాల. రేషను ఎవలింటిదో తెలిసిపోదేటే? అందుకే మీయమ్మ ఎవలినీ ఏరనివ్వదు."

గ్లోరీ చేతిలోని గింజలు చూసుకుంది. మెల్లగా సంచిలో పోసేసి, చున్నీతో చిరుగు బిగించి కట్టింది. దారంతా మరో గింజ పేరు చెప్పలేదు.

చర్చి వెనక లక్ష్మణమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తింది.

"ఏటి, నోరు సల్లబడిందా?"

గ్లోరీ పొయ్యి ముట్టించి, ఎసరు పెట్టింది. బియ్యం చెరగలేదు, ఏరలేదు. కడిగి, మరిగే నీళ్లలో పోసేసింది. లక్ష్మణమ్మ కాసేపు చూసింది.

"ఒసే, ఎసరు సాల్దు. లే అక్కడినించి." గరిటె లాక్కుంది.

మధ్యాహ్నం ప్రేమవిందు పంక్తిలో అందరి కళ్లూ గ్లోరీ ముఖం మీదే. పలుకూ ముద్దా కలిపి ఆమె ఆఖరి మెతుకు వరకు తింది.

"ఎలాగున్నాదే?" తల్లి పక్కకొచ్చి నిలబడింది.

అన్ని ఊళ్ల రుచీ చెప్పిన ఆ నాలుక కదల్లేదు. గ్లోరీ కంచం కడిగి బోర్లించింది. తన బట్టల సంచి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా రోడ్డువైపు నడిచింది.

డేవిడ్‌రాజు కేకేయబోతే లక్ష్మణమ్మ ఆపింది.

"పిలవకు అన్నా. రాసుకోడానికి ఎల్తన్నాది."