సాఫ్ట్‌వేర్ పుట్టుపూర్వోత్తరాలు

లైబ్రేరియన్ గారు కంప్యూటర్‌లోకి ఏ సాఫ్ట్‌వేర్‌నూ ఊరికే రానివ్వరు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తెరకు ముక్కు ఆనించి, అట్టడుగున చీమతలంత అక్షరాల్లో ఏ దేశం పేరుందో వెతుకుతారు. పరాయిదైతే ఓ నిట్టూర్పు విడుస్తారు, మనదైతే కుర్చీలో వెనక్కి వాలతారు. పుస్తకాల జాబితాకు విదేశీ సరుకే కావాలన్న అసిస్టెంటుతో ఆరు నెలలు పోరాడి, వెనక వీధి అమ్మాయి తయారుచేసినది పెట్టించిన ఘనత ఆయనదే. "ఇందులో ప్రతి అక్షరం ఇక్కడే పుట్టింది" అని వచ్చిన వారందరికీ చెప్పడం అప్పటినుంచీ ఆయన నిత్యవిధి.

నిన్న ఆ జాబితా మొరాయించింది. కబురందిన పావుగంటలో అమ్మాయి వచ్చి బాగుచేసింది.

"చూశావటయ్యా? విదేశీవాడైతే ఇలా పరిగెత్తుకొచ్చేవాడా?" అన్నారాయన అసిస్టెంటుతో.

అసిస్టెంటు ఊరుకునే రకం కాదు. "ఏమ్మా, ఇదంతా నువ్వే రాశావా?" అని అడిగాడు.

"అంతా ఎక్కడ సార్? ముప్పావు వంతు బయటివాళ్లదే. పాతిక దేశాలవాళ్లు ఎవరికైనా పనికొస్తుందని రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. నేను తెచ్చి కలుపుకున్నాను."

అసిస్టెంటు మీసం చాటున నవ్వుకున్నాడు. ఆరు నెలల వాదమంతా నీళ్లపాలైనట్టు లైబ్రేరియన్ గారి ముఖం వాడిపోయింది. కళ్లజోడు తీసి తుడిచారు. తుడిచిందే మళ్లీ తుడిచారు.

"వాటన్నిటినీ ఏరి, మనకు పనికొచ్చేలా అమర్చింది ఎవరమ్మా?"

"నేనే సార్."

ఆయన నిదానంగా కుర్చీలో వెనక్కి వాలారు.

"విన్నావటయ్యా? నువ్వు కొందామన్నది ఒక్క దేశం సరుకు. మన అమ్మాయి పాతిక దేశాల చేత మన లైబ్రరీకి పని చేయించింది."