సగటు నేర్చిన నర్సమ్మ

చీపురుపల్లి నర్సమ్మ జ్ఞానసుందరి పరీక్ష తప్పిన సంగతి వాళ్ల చర్చిలో తెలియనివాళ్లు లేరు. పాస్టరమ్మ గారు మైకులో చెప్పాక ఇంకెలా తెలియకుండా ఉంటుంది! "మన సహోదరి జ్ఞానసుందరి గారు స్టాటిస్టిక్స్ అనే సబ్జెక్టు రెండోసారి కూడా తప్పారు. ఆమెకు తెలివి దయచేయమని ప్రార్థన చేద్దాం" అన్నారావిడ. ప్రేమగానే అన్నారు పాపం. ఆడవాళ్లంతా కొంగులు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నారు. జ్ఞానసుందరి కూడా తల వంచింది, భక్తితో కాదు, సిగ్గుతో. ఆ చర్చిలో కూర్చున్న పిల్లల్లో సగం మందిని భూమ్మీద పడగానే మొదట ఎత్తుకున్నది ఆవిడే. అలాంటి మనిషి తెలివి కోసం ఊరంతా మోకరిస్తే తల కొట్టేసినట్టుండదూ!

అసలు ఆ వయసులో ఆవిడకి చదువెందుకని అడిగినవాళ్లున్నారు. ఎందుకంటే, తండ్రి ఆ రోజుల్లో నర్సింగ్ డిప్లొమా వరకే చదివించగలిగాడు. డిగ్రీ ఉంటే కొత్తగా వచ్చే నర్సు పిల్లలకి పాఠాలు చెప్పే ట్యూటరు పోస్టుకి వెళ్లొచ్చు. ఆవిడకి ఆ కోరిక పెళ్లికి ముందు నుంచీ ఉంది. ఆసుపత్రిలో సూదులు గుచ్చుతూ, రాత్రి డ్యూటీలు చేస్తూ, పిల్లల పెళ్లిళ్లు అయ్యేదాకా దాన్ని అణుచుకుంది. చివరికి చదువు కోసం సెలవు మంజూరయ్యింది. విజయనగరం కాలేజీలో చేరింది. అన్ని పేపర్లూ గట్టెక్కి, ఈ ఒక్కటీ మెడకి చుట్టుకుంది. మూడోసారి కూడా పోతే ఏడాదంతా మళ్లీ చదవాలి. మళ్లీ సెలవెవరిస్తారు? డిగ్రీ ఆశ అంతటితో సరి.

తోటి పిల్లలు "ఫార్ములాలో వేసి కొట్టెయ్యండి మేడం" అనేవారు. అందరివీ కలపడం, ఎంతమంది ఉన్నారో అంతతో భాగించడం, దాన్ని సగటు అనడం. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? జ్ఞానసుందరికీ అదే అర్థమయ్యేది కాదు. కూడికలు బాగానే వచ్చు, భాగహారాలూ వచ్చు. జవాబు మాత్రం తప్పు వచ్చేది.

ఇంట్లో పరీక్షాధికారి ఆవిడ భర్త సుందరరావు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. లెక్కల పుస్తకం వెనక పేజీల్లో జవాబులుంటాయి కదా, అవి ఆయన చేతిలో పెట్టి ఆవిడ లెక్క చేసేది. ఒక సాయంత్రం ఇలాంటి లెక్క వచ్చింది. వార్డులో ఏడుగురు రోగులు. వాళ్ల పై బీపీలు 118, 122, 120, 190, 124, 116, 120. సగటెంత?

"నూట ఇరవై" అంది జ్ఞానసుందరి.

"తప్పు! నూట ముప్పై అనుంది ఇక్కడ" అన్నాడు సుందరరావు ఉత్సాహంగా.

"తప్పని సెప్పడానికి అంత సంబరమేటండీ మీకు?"

"సంబరం కాదే జ్ఞానం, ఉన్నమాట సెప్తన్నాను."

మళ్లీ కలిపింది. మళ్లీ నూట ఇరవయ్యే. ఇంకోసారి కలిపింది. కదలదే! "పుస్తకమే తప్పు" అని తేల్చేసింది. సుందరరావు టీ పెట్టడానికి లేచాడు. పుస్తకం తప్పనడం ఆ వారంలో అది మొదటిసారి కాదు మరి.

మర్నాడు పొద్దున్న రైల్లో జ్ఞానసుందరి పక్కన ఎప్పట్లాగే దేముడమ్మ కూర్చుంది. దేముడమ్మ ఆనపకాయలు, వంకాయలు గంపకెత్తుకుని విజయనగరం తీసుకెళ్లి అమ్ముతుంది. వయసులో పెద్దది కాబట్టి జ్ఞానసుందరి ఆవిడ్ని అక్కని పిలిచినట్టు అప్పా అని పిలుస్తుంది. గరివిడి దాటేసరికి దేముడమ్మకి ఊసుపోక మొదలవుతుంది.

"ఏటలాగున్నావు నర్సమ్మా? రాత్రి నిద్ర నేదేటి?"

"ఒక లెక్క నా పేణం తీస్తన్నాది అప్పా" అని జ్ఞానసుందరి ఆ ఏడుగురి కథ చెప్పుకొచ్చింది. లెక్కలు దేముడమ్మకి పట్టలేదు, రోగులు పట్టారు.

"ఓలమ్మా, నూట తొంభయ్యే! మా మావకీ అలాగే పెరిగిపోయి కాలూ సెయ్యీ పడిపోనాది. మరి ఆ మనిషికి ఏటయినాది? బతికినాడా?"

"బతక్కేటప్పా! ఆడ్ని ముందే పక్క మంచానికి మార్చీసినాను. ఆడ్ని సూసుకున్నాకే కదా మిగతావోళ్లు…"

అంటూ అంటూ జ్ఞానసుందరి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. పక్క మంచమేమిటి? ఎవరు మార్చారు? పుస్తకంలో మంచాలెక్కడున్నాయి? ఆ నూట తొంభై రోగిని ఆవిడే మనసులో విడిగా పడుకోబెట్టేసింది. మిగిలిన ఆరుగురినీ కలిపి, ఆరుతో భాగించింది. నూట ఇరవై రాక ఇంకేమొస్తుంది!

గబగబా పాత లెక్కలు తిరగేసింది. రక్తహీనత లెక్కలో హిమోగ్లోబిన్ అయిదే ఉన్న గర్భిణి లేదు. జ్వరాల లెక్కలో నూట అయిదున్న కుర్రాడు లేడు. ఎక్కడ ఒంట్లో బాగాలేని మనిషి కనిపిస్తే అక్కడ ఆ మనిషిని తీసి పక్కన పెట్టేసింది. వార్డులో రౌండ్లు తిరిగే మనిషి ముందు ప్రమాదంలో ఉన్నవాణ్ణే ఏరుతుంది. ఇన్నేళ్లుగా కళ్లకి పట్టిన అలవాటు కాగితం ముందు కూర్చుంటే పోతుందా? రెండు పరీక్షల్లోనూ ఇదే చేసి ఉంటుంది. ఆ సంగతి తలుచుకుని పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తను మొద్దు కాదని అప్పుడు తెలిసింది ఆవిడకి.

"ఏటే, పిచ్చేటి నీకు? ఆ మనిషి బతికినాడా నేదా సెప్పవేం?" అంది దేముడమ్మ.

"బతికినాడు అప్పా. నన్నూ బతికించినాడు."

తప్పెక్కడుందో తెలిస్తే సరిపోతుందా, చెయ్యి మాట వినొద్దూ? పెన్ను ఆ పెద్ద అంకె దగ్గరికి వచ్చేసరికి దానంతటదే దాటిపోయేది. అందుకని లెక్క మొదలుపెట్టే ముందే ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి పైన రాసుకునేది. అంకెల్ని తక్కువ నుంచి ఎక్కువకి వరసలో పేర్చి నడుమనున్నదాన్ని తీసే మధ్యగతం మాత్రం ఆవిడకి తెగ నచ్చింది. ఆ ఏడుగురి వరసలో మధ్యగతం నూట ఇరవయ్యే. నూట తొంభై ఆయన చివర నిలబడినా, ఆయన్ని ఎవరూ వార్డు నుంచి గెంటలేదు. సగటు మాత్రం ఆయన వల్ల నూట ముప్పైకి ఎగబాకింది. ఒక్క మనిషి అందరినీ ఎలా లాగుతాడో చూసి ఆవిడకి ముచ్చటేసింది. వంట చేస్తూ లెక్క, రైల్లో లెక్క, చర్చి నుంచి వస్తూ లెక్క. ఎవరి విలువ సగటుకి ఎంత దూరంలో ఉందో తేల్చే పెద్ద లెక్కల్లో మొదట్లో వర్గమూలాలు తన్నేశాయి. తిట్టుకుంటూ మళ్లీ చేసింది. సుందరరావుకి తప్పు అనే అవకాశం రానురాను కరువైపోయింది. పాపం, ఆయన ముఖం చిన్నబోయేది.

పరీక్షలో ఎనిమిది మంది పసికందుల బరువులిచ్చారు. అందులో ఒకడు కిలో రెండొందల గ్రాములు. జ్ఞానసుందరి పెన్ను ఆగిపోయింది. అలాంటి బిడ్డని ఎన్నిసార్లు దూదిలో చుట్టి గుండెకి హత్తుకుని పరిగెత్తిందో! 'ఉండు నాన్నా, నిన్ను కూడా కలుపుతాను' అనుకుంది మనసులో. కలిపింది. ఎనిమిదితో భాగించింది. సగటు, మధ్యగతాల్లో ఇక్కడ ఏది సరైనదో ఎందుకో రాయమంటే మధ్యగతమని రాసి, ఏది చెప్పినా ఈ బిడ్డ బరువు విడిగా చెప్పి తీరాలని కింద ఇంకో వాక్యం రాసింది. అది వాళ్లు అడగలేదు. అయినా రాసింది.

ఫలితాలొచ్చాయి. డెబ్భై ఆరు మార్కులు. నర్సమ్మ ఫోన్ పట్టుకుని వంటింట్లో గిరగిరా తిరిగింది. సుందరరావు వీధిలో కనిపించిన ప్రతివాడికీ "నా టీలు తాగి పాసయ్యింది" అని చెప్పాడు. దేముడమ్మ పైడితల్లి అమ్మవారికి చీరె మొక్కుకుందట, "మా తల్లి పాస్ సేయించినాది" అని రైలంతా చాటింది. ఆదివారం చర్చిలో పాస్టరమ్మ గారు మైకు అందుకుని "మన ప్రార్థనలు ఆలకించి దేవుడు సహోదరిని పాస్ చేశాడు" అనేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పమని జ్ఞానసుందరిని ముందుకి పిలిచారు.

ఆవిడ మైకు పట్టుకుని పుస్తకాల తెలుగులో మొదలుపెట్టింది. "దేవునికి స్తోత్రం. నా కోసం ప్రార్థించిన తల్లులందరికీ వందనాలు. నా భర్త చేసిన సహాయానికి వందనాలు. వేరే దేవతకి మొక్కుకున్న నా స్నేహితురాలికి కూడా నా వందనాలు." అక్కడ ఆగింది. అందరి ముఖాలూ చూసింది. ఇక పుస్తకాల తెలుగు చాల్లేదు.

"దేవుడు తెలివిచ్చినాడు, కాదన్ను. ఆ తెలివి నాకు ముందు నుంచీ ఉన్నాది. లెక్కలు మాత్రం నేనే సేసినాను అమ్మా. పుస్తకంలో ఉన్నవన్నీ, ఒక్కటి వదలకుండా, నేనే సేసినాను."

పాస్టరమ్మ గారు ఏమంటారోనని ముందు వరసవాళ్లు అటు చూశారు. ఈలోగా మగవాళ్ల వైపు నుంచి సుందరరావు లేచి నిలబడి, గోడలు అదిరేలా "ఆమెన్!" అన్నాడు.