బొమ్మలో గడ్డి టోపీ

డ్రెస్డెన్ రాతిపనివాళ్ళలో ట్రౌగాట్ లేనెర్ట్ అంత ముక్కుసూటి మనిషి, అంత నోటి దురుసు మనిషి ఇంకొకడు లేడు. ఎల్బే నది మీది పాత వంతెన పడగొట్టి కొత్తది కడుతున్న రోజుల్లో, మూడో కమాను రాళ్ళు చాలావరకు అతని ఉలి కిందే నునుపు తేలాయి. తలమీద ఎప్పుడూ భార్య ఆల్మా అల్లిన వెడల్పాటి గడ్డి టోపీ. మిగతావాళ్ళవన్నీ నల్ల కుళ్ళాయిలు. అందుకే అవతలి గట్టు నుంచి చూసినా అతన్ని ఇట్టే గుర్తుపట్టేవాళ్ళు.

ఆ టోపీయే అతని కొంప ముంచింది. 1908 వేసవిలో పనివాళ్ళు మూడు వారాలు సమ్మె చేశారు. ఆ మూడు వారాలూ ట్రౌగాట్ టైఫాయిడ్‌తో మంచం దిగలేదు. తేరుకుని పనిలోకి వచ్చాక పనివాళ్ళ సంఘం సమావేశంలో ఒకడు లేచి, సమ్మె రెండో వారంలో వంతెన పనిచోటు దడి వెనక గడ్డి టోపీవాడు రాయి చెక్కుతుంటే కళ్ళారా చూశానన్నాడు. మా ఆయన జ్వరంతో పడి ఉన్నాడని ఆల్మా వచ్చి చెప్పింది. పెళ్ళాం సాక్ష్యం ఎవడు నమ్ముతాడు? ఆమె తమ్ముడు ఓస్విన్, సంఘం జెండా మోసేవాడు, "బావ ఆ వారం ఎక్కడున్నాడో నేను చూళ్ళేదు" అని తల దించుకున్నాడు.

అంతే, వెలి. భోజనాల వేళ ట్రౌగాట్ బల్ల దగ్గరికి వస్తే అందరూ బీరు గ్లాసులు బోర్లించేవాళ్ళు. సమ్మెకు ద్రోహం చేసినవాడితో రాతిపనివాళ్ళు తాగరు. ముప్ఫై ఏళ్ళు కలిసి రాతిదుమ్ము మింగినవాళ్ళు, ఒక్కడైనా ఇంటికి వెళ్ళి ఏమయ్యా అని అడగలేదు. ఆ వెధవల మీద నాకు ఇప్పటికీ కోపమే.

రెండేళ్ళ తర్వాత చిత్రాల ప్రదర్శనలో, కడుతుండగా వేసిన వంతెన బొమ్మ పెట్టారు. నది ఒడ్డు కిటికీలో కూర్చుని ఎవరో రోజుల తరబడి వేశారట. ఆదివారం ట్రౌగాట్ కూడా వెళ్ళాడు. దొరసానులు నీటి రంగును మెచ్చుకుంటుంటే అతను మూడో కమానునే చూశాడు. కింద దాన్ని మోసే చెక్క చట్రం ఉంది, పైన నడిమి రాళ్ళు రెండు ఇంకా పడలేదు. అది అలా ఆగిపోయింది సమ్మె వారాల్లోనే. పక్కన వేలెడంత మనిషి, గడ్డి టోపీతో. ఎడమచేత్తో సుత్తి ఎత్తి ఉన్నాడు.

ఆ పనిలో ఎడమచేతివాటం వాడు ఒక్క ఓస్వినే. మరుసటి ఆదివారం అతన్ని లాక్కొచ్చి బొమ్మ ముందు నిలబెట్టాడు.

"ఎవరురా అది?"

ఎవరైనా వింటున్నారేమోనని ఓస్విన్ అటూ ఇటూ చూశాడు. "సమ్మెలో పని చేస్తే మేస్త్రీని చేస్తామన్నారు బావా."

"చేస్తే చేశావు. నా టోపీ ఎందుకురా?"

"ఎండగా ఉండె."

"బొమ్మలో ఎండ ఏదిరా? ఆ వారమంతా మబ్బే."

ఓస్విన్ గొంతు తగ్గించాడు. "నా పేరు పోతే జెండా పరువు పోతుంది. నీ పేరు పోతే నీ ఒక్కడిదేగా."

కొట్టడానికి కూడా ట్రౌగాట్‌కు చెయ్యి రాలేదు. ఇంటికొచ్చి ఆల్మాకు అంతా చెప్పాడు. రేపే సంఘంవాళ్ళను తీసుకెళ్ళి చూపిస్తానన్నాడు. రెండేళ్ళ మచ్చ ఒక్క పూటలో పోతుందని అతని సంబరం.

ఆల్మా బంగాళాదుంపలు తరుగుతోంది. "చూపించకండి."

"తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నావా?"

"టోపీ వాడు తీసుకెళ్ళలేదు. నేనే ఇచ్చాను. ఎందుకో చెప్పే అడిగాడు." కత్తి ఆగింది. "మీరు ఇక దక్కరని డాక్టరు చెప్పి వెళ్ళాడు అప్పుడు. పోయే మనిషికి పేరెందుకక్కా అన్నాడు వాడు. నాకూ నిజమే అనిపించింది."

ఆ తర్వాత ట్రౌగాట్ పద్దెనిమిదేళ్ళు బతికాడు. బొమ్మ సంగతి సంఘంలో ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఊపిరి ఉండగానే తనను పెళ్ళాం పోయినవాళ్ళలో కలిపేసిందని కూడా చెప్పాల్సి వచ్చేది.