హెవీ మెటల్ గాయకుడి పై పళ్ళసెట్టు

రెండేళ్ళ క్రితం చలికాలం. దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ సందులో ఉన్న పళ్ళ క్లినిక్‌లో నేను డెంటల్ టెక్నీషియన్ని. అంటే ముందు గదిలో నోళ్ళు చూసేది డాక్టరు, వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేసేది నేను. మాది పాలకొల్లు. ఈ పనిలో ఇరవై ఏళ్ళు దాటాయి కాబట్టి నాకు తెలియని నోరు లేదని కాస్త పొగరుగా కూడా ఉండేవాణ్ణి.

ఆ ఉదయం ఒక తెల్లాయన వచ్చాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. నడుం దాకా నెరిసిన జుట్టు, వేళ్ళ నిండా పుర్రెబొమ్మల ఉంగరాలు. రుమాలు విప్పితే రెండు ముక్కలైన పై పళ్ళసెట్టు! హోటల్లో ఖర్జూరం కొరికాడట, లోపల గింజ ఉంటుందని తెలీదట. తను హెవీ మెటల్ గాయకుణ్ణనీ, అంటే గిటార్ల హోరులో కేకలేస్తూ పాడేవాణ్ణనీ, సాయంత్రమే కచేరీ అనీ చెప్పాడు.

"నలభై ఏళ్ళ నుంచి పాడుతున్నాను. అంతమంది ముందు ఇది ఊడిపడితే మళ్ళీ స్టేజీ ఎక్కను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ ముక్కల్ని రుమాల్లో చుట్టడం, విప్పడం మానలేదు.

అతికించాను. మళ్ళీ విరక్కూడదని కుడివైపు ఫ్లాంజ్‌ని, అంటే చెంపకీ చిగురుకీ మధ్యకి వెళ్ళే అంచుని, కాస్త మందంగా పోశాను. మా డాక్టరమ్మ పెట్టి చూశారు. కొరికించాం, అంకెలు చెప్పించాం. కదల్లేదు.

మధ్యాహ్నం మూడింటికి ఫోను. రిహార్సల్లో మొదటి కేకకే సెట్టు జారిందట.

"ప్రసాదు గారూ, మీ చేతి పనేగా, మీరూ రండి" అన్నారు డాక్టరమ్మ. అరగదీసే చిన్న మోటారు సంచిలో పడేసుకుని ఆవిడ కారెక్కాను.

స్టేజీ వెనక గదిలో డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, ఎలా పాడతారో అలాగే పాడమన్నారు. ఆయన నోరు తెరిచాడు. అయ్య బాబోయ్, అది గొంతా! పళ్ళు మాత్రం చటుక్కున కిందికి దిగాయి. అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. నోరు అంత బార్లా తెరిస్తే కింది దవడ ఎముక ముందుకొచ్చి, నేను మందం చేసిన అంచునే నెట్టేస్తోంది. బలమనుకుని పోసిందే కొంప ముంచింది.

అంచుకి ప్రెషర్ పేస్ట్ రాశాం. ఎక్కడ ఒత్తుకుంటే అక్కడ చెరిగిపోయే పూత అది. కేక వేయించడం, చెరిగిన చోట అరగదీయడం. మరీ పల్చనైతే మళ్ళీ విరుగుతుందని నాకు భయం. ఆరోసారికి జారలేదు. అయినా నాకు నమ్మకం కుదర్లేదు.

"మీరిద్దరూ పక్కనే ఉండండి" అని బతిమాలాడు ఆయన. ఉన్నాం. వయసులో ఆయనకేమీ తీసిపోని గిటారాయన జుట్టు విరబోసుకుని తల ఊపేస్తున్నాడు, డ్రమ్ములు నా కడుపులో మోగుతున్నాయి. నేను ఒక్క పాట విన్నానంటే ఒట్టు. ఆయన కుడి చెంప వైపే చూస్తూ ప్రభువుని తలుచుకుంటున్నాను. చివరి పాటలో ఆయన వెనక్కి వాలి, గొంతు నరాలు ఉబ్బేలా కేక పెట్టాడు. అది ఎంతకీ ఆగదే! పళ్ళు కదల్లేదు. జనం ఊగిపోయారు. నేను అక్కడే ఒక పెట్టె మీద కూలబడ్డాను.

మనిషి నోటితో ఏం పని చేస్తాడో ఆ పని చేయించి చూడకుండా పళ్ళు అప్పజెప్పకూడదని ఆ రోజు తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి ఒకటే గుబులు, అంతకుముందు నేను పళ్ళు కట్టిన పాతవాళ్ళ సంగతేమిటని.

దోహాలో సెలవు శుక్రవారం కాబట్టి మా చర్చి కూడా ఆ రోజే. తర్వాతి శుక్రవారం ఆరాధన అయ్యాక సువార్తమ్మ ఆంటీని పక్కకి పిలిచాను. మా తెలుగు సంఘంలో అందరికంటే గొంతెత్తి పాడే మనిషి, కొన్నేళ్ళుగా పెదాలు మాత్రమే కదుపుతోంది. వయసు మీద పడిందనుకున్నాం అందరం. ఆవిడ పై సెట్టు కట్టింది నేనే.

"ఆంటీ, గట్టిగా పాడటం ఎందుకు మానేశారు?"

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఊడి పడతాయేమోనని భయం బాబూ. అంత కష్టపడి కట్టేవు, బాగోలేదని నీకెలా చెప్పమంటావు?"